పల్లెలో క్లస్టర్: కొత్తగా కట్టాలా, ఉన్నదాన్ని పెంచాలా?

పొలిమేర:

అందరికీ నమస్కారం. గ్రామీణ ఉపాధి మీద పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉన్నాను. కొన్ని ఊళ్లకు కలిపి ఐదేళ్ల ప్రణాళిక రాసే పని నాకు అప్పగించారు. అందులో పారిశ్రామిక క్లస్టర్ గురించి, అంటే ఒకే రకం పని చేసే యూనిట్లు ఒకచోట గుంపుగా ఉండటం గురించి, ఒక అధ్యాయం తప్పనిసరిగా ఉండాలట.

కమిటీలో ఎక్కువమంది ఫుడ్ ప్రాసెసింగ్ వైపు మొగ్గుతున్నారు. స్థలం చదును చేసి, షెడ్లు వేసి, రోడ్డూ కరెంటూ ఇస్తే కంపెనీలు వాటంతటవే వస్తాయని వాళ్ల నమ్మకం. అక్కడ ఇప్పటిదాకా ఆ పని చేసేవాళ్లు ఎవరూ లేరు. ఉన్నది చెక్కపని. మూడు ఊళ్లలో కలిపి నలభై దాకా చిన్న వర్క్‌షాపులున్నాయి. తలుపులు, కిటికీలు, బల్లలు, కుర్చీలు చేస్తారు. దాన్ని పరిశ్రమ అని ఎవరూ అనుకోవడం లేదు, చేసేవాళ్లతో సహా.

నా ప్రశ్నలు రెండు. క్లస్టర్ అనేది అసలు పల్లెలకు పనికొచ్చే మాటేనా, లేక నగరాల కోసం పుట్టిన ఆలోచనా? పనికొచ్చేదే అయితే మొదటి అడుగు ఎక్కడ వేయాలి? నెలాఖరుకి డ్రాఫ్ట్ ఇవ్వాలి, కొంచెం టెన్షన్‌గా ఉంది.

కొలబద్ద:

పొలిమేర గారూ, నేను అర్థశాస్త్రం చెప్పే మాస్టారిని. కొంచెం వెనక్కి వెళ్లి మొదలుపెడతాను, ఏమనుకోకండి.

ఒకే పనివాళ్లు ఒకచోట ఎందుకు చేరతారన్నది ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే వివరించాడు. ఆయన చెప్పిన కారణాలు మూడు. పని తెలిసిన మనుషులు అక్కడే దొరుకుతారు. ఆ పనికి కావాల్సిన సరుకు, పనిముట్లు అమ్మేవాళ్లు అక్కడికే వస్తారు. మూడోది పనిలో మెలకువలు. ఒకరు కనిపెట్టిన చిట్కా నాలుగు రోజుల్లో పక్కింటికి తెలిసిపోతుంది. పిల్లలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటారు. మైకేల్ పోర్టర్ 1990లో ఈ ఆలోచనను మళ్లీ ముందుకు తెచ్చాక ప్రభుత్వాలన్నీ క్లస్టర్ అనే మాట పట్టుకున్నాయి.

పల్లెలతో చిక్కు ఏమిటంటే ఈ మూడూ పలచగా ఉంటాయి. పదిమంది పనివాళ్లు, ఒక సరుకు దుకాణం, అంతే. అందుకే నగరంలో పనిచేసిన నమూనాను తెచ్చి యథాతథంగా పెడితే నిలబడదు. అలాగని పల్లెల్లో క్లస్టర్లు లేవనడం తప్పు. చాలా పెద్ద క్లస్టర్ల పుట్టిల్లు పల్లెలూ చిన్న పట్టణాలే.

కమిటీకి చూపించడానికి ఒక కొలత చెబుతాను. లొకేషన్ కోషెంట్ అంటారు. దేశంలో వందమంది పనివాళ్లలో ఇద్దరు చెక్కపనిలో ఉండి, మీ ప్రాంతంలో ఆరుగురు ఉంటే, ఆరుని రెండుతో భాగించండి. 3 వస్తుంది. 1 కన్నా ఎంత ఎక్కువుంటే ఆ పని అక్కడ అంతగా కేంద్రీకరించి ఉందన్నమాట. కానీ పల్లెల్లో ఈ అంకెను గుడ్డిగా నమ్మకండి. జనాభా తక్కువ కాబట్టి మూడొందల మంది పనిచేసే ఒక్క ఫ్యాక్టరీ ఉన్నా కోషెంట్ ఆకాశానికి లేస్తుంది. అది క్లస్టర్ కాదు, ఒక్క ఫ్యాక్టరీ. అది మూతపడితే ఊరంతా వీధిన పడుతుంది. యూనిట్లు ఎన్ని ఉన్నాయి, ఒకరి దగ్గర పని నేర్చుకుని బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నవాళ్లు ఎందరున్నారు అన్నది అంకెతో పాటు చూడండి.

నీలిమేఘం:

షెడ్లు వేసే ఆలోచన మానుకోండి అనే నేను చెబుతాను. ఎవరు ప్రణాళిక రాసినా ఫుడ్ ప్రాసెసింగో, ఐటీయో, టూరిజమో రాస్తారు. అందరూ అదే రాస్తే మీ ఊరికే రావాలని ఎవరికి ఉంటుంది?

చెక్కపెట్టె:

చెక్కపని అనగానే ఆగలేక రాస్తున్నాను. ఇరవై ఏళ్లు వర్క్‌షాప్ నడిపాను. ఒకప్పుడు మా దగ్గరా క్లస్టర్ పేరుతో అందరికీ కలిపి ఒక కేంద్రం కట్టారు. అదెలా పాడుబడిందో చెబుతాను, మీకు పనికొస్తుంది.

మా అందరి బాధ ఒక్కటే, పచ్చి కలప. సా మిల్లు నుంచి తెచ్చిన చెక్క చూడ్డానికి ఆరినట్టే ఉంటుంది, లోపల తేమ ఉంటుంది. దాంతో తలుపు చేసి బిగిస్తే ఆర్నెల్లకు వంకర పోతుంది, బీటలు తీస్తుంది. ఇంటి లోపల వాడే ఫర్నిచర్‌కి చెక్కలో తేమ సుమారు 8 నుంచి 12 శాతానికి రావాలి. మామూలుగా నీడన ఆరబెడితే నెలలు పడుతుంది. అన్ని నెలలు సరుకు మీద డబ్బు పెట్టి కూర్చునే స్తోమత చిన్న వర్క్‌షాపుకి ఉండదు. కాబట్టి సీజనింగ్ ఛాంబర్, అంటే కలపను త్వరగా ఆరబెట్టే గది, ఒకటి ఉమ్మడిగా కావాలి. ఇందులో ఎవరికీ అనుమానం లేదు.

కట్టారు. కొత్త బిల్డింగ్, కొత్త మిషన్, రిబ్బన్ కటింగ్. మొదటి నెలలోనే గొడవలు. ఎందుకంటే అన్ని రకాల చెక్కనూ ఒకేసారి ఛాంబర్‌లో పెట్టకూడదు. గట్టి కలప నెమ్మదిగా ఆరాలి, మెత్త కలప త్వరగా ఆరుతుంది. అంగుళం పలకకి ఒక లెక్క, మూడంగుళాల దూలానికి ఇంకో లెక్క. కలిపి పెడితే ఒకరిది బీటలు తీస్తుంది, ఇంకొకరిది పచ్చిగానే వస్తుంది. ఛాంబర్ నిండాలంటే ఒకే రకం, ఒకే మందం చెక్క బోలెడంత కావాలి. అంటే కనీసం పదిమంది కలిసి ఒకే కలప ఒకే కొలతలో కోయించి తేవాలి. మేమెప్పుడూ కలిసి కలప కొన్నదే లేదు! ఎవరి బేరం వాళ్లది, ఎవరు ఎంతకు కొన్నారో పక్కవాడికి చెప్పం. సగం ఖాళీ ఛాంబర్ నడిపితే ఖర్చు రాదు. రెండేళ్లకి కరెంటు బిల్లు కట్టేవాళ్లు లేక తాళం పడింది. మిషన్ మీద కప్పిన నీలం పట్టా ఇప్పటికీ అలాగే ఉంది.

మిషన్ తప్పు కాదు, అవసరమూ నిజమే. కలిసి కొనడం అనే అలవాటు ముందు రావాల్సింది. మేము చివర చేయాల్సింది మొదట చేశాం.

దారిదీపం:

చెక్కపెట్టె గారు చెప్పింది చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. దీనికి సరిగ్గా ఎదురుగా నడిచిన ఒక కథ ఉంది. అమెరికాలో జార్జియా రాష్ట్రం ఉత్తరాన డాల్టన్ అనే చిన్న పట్టణం. ఆ దేశంలో తయారయ్యే కార్పెట్లలో ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే తయారవుతాయి. ఎలా మొదలైందనుకుంటున్నారు? దుప్పటితో.

1895లో కాథరిన్ ఎవాన్స్ అనే పదిహేనేళ్ల అమ్మాయి పాత కుట్టు పద్ధతిని తనకు తోచినట్టు మార్చి ఒక దుప్పటి చేసింది. ముతక గుడ్డ మీద లావుపాటి నూలుతో వదులుగా కుట్లు వేసి, పైన కనిపించే నూలును కత్తిరించింది. తర్వాత దుప్పటిని వేడినీళ్లలో ఉడికించింది. గుడ్డ ముడుచుకుని కుట్లను గట్టిగా పట్టేసింది, కత్తిరించిన కొసలు విచ్చుకుని కుచ్చుల్లా నిలబడ్డాయి. 1900లో మొదటి దుప్పటిని రెండున్నర డాలర్లకు అమ్మింది. ఆర్డర్లు పెరిగేసరికి పక్కింటివాళ్లకు నేర్పింది. వాళ్లు ఇంకొకరికి నేర్పారు. గుడ్డా నూలూ ఇళ్లకు చేరవేసి, కుట్టినవి పోగుచేసి తెచ్చే మనుషులు తయారయ్యారు. హైవే పక్కన తాళ్ల మీద ఈ దుప్పట్లు వరసగా ఆరేసి అమ్మేవారు. నెమలి బొమ్మ దుప్పట్లు ఎక్కువగా ఉండేవని ఆ దారికి నెమళ్ల వీధి అన్న అర్థంలో పేరే వచ్చింది.

1930లలో కుట్టుమిషన్లను మార్చి ఆ పనికి వాడుకున్నారు. 1938లో కనీస వేతన చట్టం వచ్చాక పని ఇళ్లలోంచి ఫ్యాక్టరీలకు ఇంకా వేగంగా కదిలింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అదే టెక్నిక్‌తో కార్పెట్లు మొదలయ్యాయి. మిషన్లు బాగుచేసేవాళ్లు, రంగులద్దేవాళ్లు, నూలు అమ్మేవాళ్లు అందరూ అప్పటికే అక్కడ ఉన్నారు కదా.

పొలిమేర:

కొలబద్ద గారు చెప్పిన మూడు కారణాలూ ఈ ఒక్క కథలో కనిపిస్తున్నాయి. కానీ కమిటీలో ఇది చెబితే "అయితే మనం చేసేదేముంది, వాళ్లంతట వాళ్లే పెరుగుతారుగా" అంటారు. బయటివాళ్లు చేయగల పని ఏదైనా ఉందా?

కొలబద్ద:

ఉంది. ఒక పని, మనుషులు విడిపోయి సొంతంగా పెట్టుకునే దారి మూసుకుపోకుండా చూడటం.

అమెరికాలోనే ఇండియానా రాష్ట్రంలో వార్సా అని ఒక ఊరు. జనాభా పదిహేను వేల పైచిలుకు. విరిగిన ఎముకలకు, అరిగిన కీళ్లకు వాడే పరికరాల తయారీలో దానికి ప్రపంచమంతా పేరుంది. 1895లో రెవ్రా డిప్యూ అక్కడ కంపెనీ పెట్టాడు. అంతకుముందు విరిగిన చేతికి పీపాలకు వాడే చెక్కబద్దలు కట్టేవారు, ఆయన వాటి బదులు ఫైబర్ బద్దలు చేశాడు. ఆ కంపెనీలోనే అమ్మకాలు చూసిన జస్టిన్ జిమ్మర్ బయటికొచ్చి 1927లో అల్యూమినియం బద్దలతో సొంత కంపెనీ మొదలుపెట్టాడు. ఊరు మారలేదు, అక్కడే పెట్టాడు. 1977లో బయోమెట్ అనే ఇంకో కంపెనీ కూడా ఆ ఊళ్లోనే పుట్టింది. ఒక విత్తనం నుంచి ఇన్ని మొక్కలు వచ్చాయి.

పల్లెల్లో ఇలా జరగకుండా అడ్డుపడేవి రెండు. అప్పు పుట్టదు. మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్స్ తీరేదాకా పనివాడు కదల్లేడు. ఐదేళ్ల ప్రణాళికలో కొత్తగా పెట్టుకునేవాళ్లకు చిన్న అప్పు దొరికే ఏర్పాటు రాయండి, అది ఒక షెడ్డు కన్నా ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం.

రెండో పని సమాచారం. ఇటలీలో కార్పి అనే చోట అల్లిక దుస్తులు చేసే చిన్న యూనిట్లు చాలా ఉండేవి. రాబోయే సీజన్‌లో ఏ రంగులు, ఏ డిజైన్లు నడుస్తాయో ఎవరికి వారు వెళ్లి తెలుసుకోలేరు. ఆ సమాచారం తెచ్చి ఇవ్వడానికి ఒక సేవా కేంద్రం పెట్టుకున్నారు. ఉమ్మడిగా చేసుకునేది పెద్ద మిషనే కానక్కర్లేదు.

గోరింట:

ఇప్పటిదాకా అందరూ యజమానుల గురించే మాట్లాడారు. నేను ఇళ్లలో పని చేసుకునే ఆడవాళ్లతో పనిచేస్తాను, కాబట్టి ఇంకో వైపు చూపించాలి.

పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌కి ఫుట్‌బాల్స్ వల్ల ప్రపంచమంతా పేరొచ్చింది. చేత్తో కుట్టే పని చాలాభాగం చుట్టుపక్కల పల్లెల్లో, ఇళ్లలో జరిగేది. పిల్లల చేత కూడా కుట్టిస్తున్నారని 1990లలో ప్రపంచమంతా గొడవైంది. 1997 ఫిబ్రవరిలో అక్కడి వ్యాపారుల సంఘం, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి అట్లాంటాలో ఒప్పందం చేసుకున్నాయి. తనిఖీకి వీలుగా పనిని ఇళ్లలోంచి కుట్టు కేంద్రాలకు మార్చారు. పిల్లల చేత పని చేయించకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ ఇల్లు వదిలి కేంద్రానికి వెళ్లే వీలులేని ఆడవాళ్ల చేతిలోంచి పని జారిపోయింది. తర్వాత ఆడవాళ్ల కోసం పల్లెల్లోనే విడిగా కేంద్రాలు పెట్టాల్సొచ్చింది. ముందే వాళ్లను అడిగి ఉంటే?

పొలిమేర గారూ, ఆ నలభై వర్క్‌షాపుల లెక్క ఎవరిచ్చారు? బోర్డు పెట్టుకున్నవే లెక్కేశారా? గరుకు కాగితం రుద్దేది ఎవరు, పాలిష్ పట్టేది ఎవరు, కుర్చీలకు వైరు అల్లేది ఎవరు? ముక్కకి ఇంతని తీసుకుని ఇంట్లో చేసేవాళ్లు ఉండే ఉంటారు. క్లస్టర్ ఎంత పెరిగినా ముక్కకి ఇచ్చే కూలి అలాగే ఉంటే ఆ ఊరు బాగుపడినట్టా? మీ ప్రణాళికలో యూనిట్ల సంఖ్య పక్కన ఒక్కొక్కరికీ రోజుకు చేతికొచ్చేది ఎంతో కూడా రాయండి. ఇది బతిమాలి అడుగుతున్నాను.

దారిదీపం:

గోరింట గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. డాల్టన్ కథలో ఇళ్లలో కుట్టినవాళ్ల కూలి ఎంతో నేను రాయలేదు. చాలా తక్కువుండేది. అది రాయాల్సింది.

అదే సియాల్‌కోట్‌లో ఇంకో పరిశ్రమ ఉంది, ఆపరేషన్లకు వాడే కత్తెరలు, పట్టకార్లు. 1994లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నాణ్యత బాగోలేదని ఆ సరుకు దిగుమతికి అడ్డుకట్ట వేసింది. ఎగుమతిదారులంతా ఒక్కసారిగా ఇరుక్కున్నారు. అప్పుడు వాళ్ల సంఘం ముందుకొచ్చి, ప్రభుత్వ సాయంతో బయటి నిపుణులను రప్పించి, నాణ్యతా ప్రమాణాల్లో యూనిట్లకు శిక్షణ ఇప్పించింది. ఒక్క యూనిట్ వల్ల అయ్యే పని కాదది. కలిసి చేయడం అక్కడ ఎంత అలవాటైందంటే, తర్వాత అక్కడి వ్యాపారులు సొంత డబ్బుతో విమానాశ్రయమే కట్టుకున్నారు. 2007లో మొదలైంది.

చెక్కపెట్టె గారి ఛాంబర్‌ని, దీన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట డబ్బు బయటినుంచి వచ్చింది, ఇంకోచోట అవసరం పీకల మీదికొచ్చి వాళ్లే కదిలారు.

వానచినుకు:

మంచి చర్చ. నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను.

తిరుప్పూరు బనియన్లు, టీ షర్టులు అందరికీ తెలుసు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చిన వేలమందికి అన్నం పెట్టింది. కానీ అద్దకం యూనిట్ల నీళ్లు నొయ్యల్ నదిలో కలిశాయి. పొలాలకు నీళ్లివ్వడానికి కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్టలో ఆ మురుగు నిలిచిపోయి, ఆ నీళ్లు మాకొద్దని రైతులే మొరపెట్టుకునే స్థితి వచ్చింది. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆదేశంతో 700కు పైగా అద్దకం యూనిట్లు మూతపడ్డాయి. ఒక్కో యూనిట్ వదిలేది తక్కువే కావచ్చు. అందరూ ఒకచోట చేరి వదిలితే నది చచ్చిపోతుంది. క్లస్టర్‌లో లాభం ఎలా పోగవుతుందో మురికీ అలాగే పోగవుతుంది.

ఇంకోటి, చిలీ దక్షిణాన సాల్మన్ చేపల పెంపకం. పల్లె తీరాలకు అంత ఉపాధి అంతకుముందు లేదు. చేపలను పెంచే వల పంజరాలు, అంటే కేజులు, పక్కపక్కనే కిక్కిరిసిపోయాయి. 2007లో ఒక వైరస్ బయటపడి ఒక చోటు నుంచి ఇంకో చోటికి పాకింది. 2010కల్లా అట్లాంటిక్ సాల్మన్ దిగుబడి దాదాపు మూడో వంతుకు పడిపోయింది. వేలమంది పని పోయింది. ఆ తర్వాత కొత్త నియమం పెట్టారు, ఒక ప్రాంతంలోని కంపెనీలన్నీ ఒకేసారి కేజులు ఖాళీ చేసి నీళ్లకు విరామం ఇవ్వాలని. పక్కవాడితో సమన్వయం లేకుండా ఎవరూ ఒంటరిగా బతకలేరని అంత నష్టమయ్యాకే తెలిసింది.

డాల్టన్ కూడా అంతే. 2008 ప్రాంతంలో ఇళ్ల నిర్మాణం కుప్పకూలగానే కార్పెట్లు కొనేవాళ్లు లేక వేల ఉద్యోగాలు పోయాయి. తర్వాతే వేరే పరిశ్రమల కోసం వెతికారు, 2019లో సోలార్ ప్యానెళ్ల ఫ్యాక్టరీ ఒకటి వచ్చింది.

చెక్కపనిలో పాలిష్, వార్నిష్ వాసన ఊపిరితిత్తులకు మంచిది కాదు. రంపపు పొట్టు దుమ్ము కూడా. కలప ఎక్కడినుంచి వస్తోందో, మళ్లీ మొక్కలు ఎవరు నాటుతున్నారో కూడా చూడండి.

నీలిమేఘం:

జపాన్‌లో ఓయితా ప్రాంతం గురించి ఒక మాట చెప్పి వెళతాను. అక్కడ గవర్నర్ మొరిహికో హిరమత్సు 1979లో ఒక ఊరికి ఒక ఉత్పత్తి అనే ఉద్యమం మొదలుపెట్టాడు. దానికి స్ఫూర్తి ఓయామా అనే కొండ ఊరు. వరి పండించడం గిట్టుబాటు కాక 1961 నుంచే వాళ్లు రేగు జాతి ఉమే పండ్లు, చెస్ట్‌నట్‌లు వేసుకున్నారు. అవి నాటి హవాయికి పోదాం అన్నది వాళ్ల నినాదం! హిరమత్సు ఉత్పత్తులకు నేరుగా సబ్సిడీ ఇవ్వలేదు. ఏం చేయాలో ఊరే తేల్చుకోవాలి, సాంకేతిక సలహా, మార్కెట్ సాయం మాత్రం అడిగితే ఇస్తామన్నాడు. పైనుంచి ఉత్పత్తి పేరు రాసి పంపితే అది వేరే పథకం అవుతుంది.

పొలిమేర:

పది రోజులు కనిపించకపోయినందుకు క్షమించండి. గోరింట గారి పోస్టు చదివాక ఆఫీసులో కూర్చోలేకపోయాను. ఇల్లిల్లూ తిరిగాను.

లెక్క తప్పని తేలింది. వర్క్‌షాపులు నలభై కాదు, నలభై ఆరు. అవి కాక గరుకు కాగితం రుద్దే పని, అల్లిక పని ఇంట్లో చేసే ఆడవాళ్లు అరవై మందికి పైగా ఉన్నారు. మా దగ్గరున్న ఏ జాబితాలోనూ వాళ్ల పేర్లు లేవు. యజమానుల్లో పదకొండుమంది వేరేవాళ్ల దగ్గర పనిచేసి బయటికొచ్చి పెట్టుకున్నవాళ్లే. ఇది విని కొలబద్ద గారు సంతోషిస్తారనుకుంటాను.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టాలని చూస్తే మొదటిసారి ఏడుగురే వచ్చారు. పెద్ద మాటలేవీ చెప్పలేదు. మీకు ఎక్కువ నష్టం ఎక్కడొస్తోందని అడిగాను. ఏడుగురూ ఒకటే చెప్పారు, వంకర పోయిన తలుపు వెనక్కి తీసుకోవడం. చెక్కపెట్టె గారి బాధే. ఛాంబర్ గురించి నోరెత్తలేదు. ఈసారి కలప కొనేటప్పుడు ఏడుగురూ కలిసి ఒకే రకం, ఒకే మందం తీసుకుంటే ధర ఎంత తగ్గుతుందో సా మిల్లులో అడిగి చూద్దామని మాత్రం అనుకున్నాం. నలుగురు ఒప్పుకున్నారు.

డ్రాఫ్ట్‌లో షెడ్లు తీసేశాను. మొదటి ఏడాదికి ఉమ్మడి కొనుగోలు, చిన్న అప్పులు, ఇంటి పనివాళ్ల పేర్ల నమోదు రాశాను. ఛాంబర్‌ని మూడో ఏటికి జరిపాను, అదీ కనీసం పదిహేనుమంది రెండేళ్లు వరసగా కలిసి కొంటేనే. కమిటీ ఏమంటుందో వచ్చే వారం తెలుస్తుంది.

చెక్కపెట్టె గారూ, ఆ నలుగురూ ఒకటి అడుగుతున్నారు. తెచ్చిన కలప ఎంత ఆరిందో తేమ మీటర్ లేకుండా తెలుసుకునే దారి ఉందా?

చెక్కపెట్టె:

ఉంది బాబూ, చక్కగా ఉంది. కొత్తగా కోయించిన పలకల్లోంచి ఒకటి తీసి తూకం వేయమనండి. తేదీ, బరువు దాని మీదే రాయాలి. ఆ పలకను మిగతావాటితో పాటే దొంతిలో పెట్టాలి, విడిగా ఎండలో కాదు. ప్రతి రెండు పలకల మధ్యా గాలి ఆడేలా సన్నని బద్దలు వేయాలి, బద్దలన్నీ ఒకదాని మీద ఒకటి నిలువుగా వరసలో ఉండాలి, లేకపోతే పలక అక్కడే వంగుతుంది. వారానికోసారి తీసి తూయాలి. మొదట్లో బరువు గబగబా తగ్గుతుంది. వరసగా మూడు నాలుగు వారాలు తూకం మారకపోతే ఆ చోటి గాలికి ఎంత ఆరాలో అంత ఆరినట్టు.

తేమ శాతం కావాలంటే పలక మధ్యలోంచి చిన్న ముక్క కోయాలి. కొస నుంచి కోయకూడదు, కొసలు ముందే ఆరిపోయి మోసం చేస్తాయి. ముక్కను తూచి, 103 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకూ ఉంచి మళ్లీ తూయాలి. పోయిన బరువును ఎండిన బరువుతో భాగించి వందతో హెచ్చిస్తే శాతం వస్తుంది.

ఆ నలుగురి పలకల మీదా ఒకే పద్ధతిలో తేదీలు రాయించండి. మొదటి వారం తూకాలు వచ్చాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.